చప్పుడు తీసేసిన డిస్కు

సర్దుబాటమ్మ అన్న పేరు ఆమెకు పెట్టింది కట్టుకున్నవాడే. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. ఒక సెలవురోజున, పెళ్ళాం చేసే పనేమిటో చూద్దామని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పెద్ద డిస్కులో ఉన్న వీడియోను బొమ్మ చెడకుండా చిన్న డిస్కులోకి ఎక్కించడం ఆమె పని. చాలాసేపు చూసి, "యాభై మంది పట్టే బస్సులో తొంభై మందిని ఎక్కిస్తే నన్ను నానా తిట్లూ తిడతారు. నువ్వు అదే పని చేసి మెప్పు కొట్టేస్తున్నావే, సర్దుబాటమ్మా" అన్నాడు. కింద కళ్ళజోళ్ళ దుకాణంవాళ్ళ చెవిన ఆ మాట పడింది. వారం తిరిగేసరికి వీధి వీధంతా అదే పేరు.

ఆమె పనిగది ఆ కళ్ళజోళ్ళ దుకాణం పైనే. ఇనుప మెట్లెక్కి వెళ్ళాలి. రెండు కంప్యూటర్లు, నాలుగు డ్రైవులు, గోడకు ఆనించిన అలమరలో ఖాళీ డిస్కుల డబ్బాలు. పెద్ద డిస్కు, చిన్న డిస్కు అంటారు గానీ చూడ్డానికి రెండూ ఒకే సైజు. తేడా అంతా కడుపులోనే. పెద్దదాంట్లో ఒకదాని కింద ఒకటిగా రెండు పొరలుంటాయి. ఎక్కడ పడితే అక్కడ దొరికే మామూలు డిస్కులో ఒక్క పొరే. రెండు పొరల సరుకు ఒక పొరలో పట్టాలంటే నొక్కాలి. నొక్కితే బొమ్మ మసకబారుతుంది, కదిలినచోటల్లా గళ్ళు గళ్ళుగా విడిపోతుంది.

సర్దుబాటమ్మ నొక్కేది కాదు. అదే ఆమె గొప్ప. డిస్కు లోపల ఏమేం ఉన్నాయో ముందు విప్పి చూసేది. ఎవరూ చూడని మెనూలు, ఎవరికీ అర్థం కాని భాషలో రెండో సౌండు, చివర అతికించిన ప్రకటనలు, ఆగిన ఫొటోల వరస. ఒక్కొక్కటే ఏరి పారేసేది. అసలు బొమ్మను మాత్రం వేలితో కూడా తాకేది కాదు. "నొక్కడం ఎవడైనా నొక్కుతాడు. ఏది అక్కర్లేదో తెలియడమే పని" అనేది. ఇరవై ఏళ్ళ కిందట ఎడిటింగ్ గదిలో ఆమెకు పని నేర్పిన గురువుగారు కూడా ఆ మాటకు తలూపాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. నలభై దాటి ఉంటుంది. మెడలో కొలతల టేపు, జాకెట్టు అంచుకు గుచ్చిన రెండు గుండుసూదులు. కుట్టుపని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది. నోరు తెరవకుండా సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసి చూపించింది. తనకు పుట్టినప్పటినుంచీ వినపడదనీ, కావాలంటే పెదాలు కొంచెం చదవగలననీ, నెమ్మదిగా మాట్లాడమనీ ఉంది అందులో. తర్వాత డిస్కు తీసింది.

అందులో ఉన్నది వాళ్ళ అమ్మ. ఆవిడకూ వినపడదు. పోయి రెండేళ్ళయింది. పోకముందు ఒకరోజంతా కూర్చోబెట్టి, ఆవిడ తన బతుకంతా సైగలతో చెప్తుంటే వీడియో తీశారు. రెండు గంటల పది నిమిషాలు. నాన్నకూ వినపడదు. ఇప్పుడు పెద్దవాళ్ళను చూసుకునే హోమ్‌లో ఉన్నాడు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. అక్కడున్న పాత ప్లేయరుకు ఈ డిస్కు పెడితే సగంలో, ఒక పొర అయిపోయి రెండో పొరకు మారేచోట, బిగుసుకుపోతోంది. రెండు మామూలు డిస్కులుగా చేస్తే మార్చేవాళ్ళు లేరు. పొద్దున్న ఆయా ఒకటి పెట్టి వెళ్తే సాయంత్రం దాకా అదే తిరుగుతుండాలి. అందుకని అంతా ఒకే మామూలు డిస్కులో పట్టాలి.

ఇంకో దుకాణంలో చేయించిన కాపీ కూడా తెచ్చింది. సర్దుబాటమ్మ పెట్టి చూసింది. తెల్లజుట్టు ముసలావిడ, ముదురు రంగు చీర, వెనక ఖాళీ గోడ. చేతులు ఆగి ఉన్నంతసేపూ బాగానే ఉన్నాయి. వేగం అందుకోగానే వేళ్ళు కలిసిపోయి ఉడికిన పిండిలా అయిపోతున్నాయి. కుట్టుపని ఆవిడ మొహం చిట్లించి రాసింది: "మా అమ్మకి నత్తి తెప్పించారు."

సర్దుబాటమ్మకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. తర్వాత కింద ఇంకో వాక్యం రాసి గీత గీసింది: "వేళ్ళు చెదిరితే మాట మారిపోతుంది. ఒక్క వేలు కూడా చెదరకూడదు."

"ఒక్క వేలు కూడా చెదరదమ్మా" అని సర్దుబాటమ్మ నెమ్మదిగా, పెదాలు కనపడేలా చెప్పింది. రెండు రోజుల తర్వాత రమ్మంది.

డిస్కు చదివించడం దగ్గరే తిప్పలు మొదలయ్యాయి. మామూలుగా పావుగంట పట్టేది రెండున్నర గంటలు పట్టింది. డ్రైవు మూలుగుతూ, ఆగుతూ, చదివిందే మళ్ళీ చదువుతూ ఎలాగో చివరికి చేరింది. డిస్కుకు రోజులు దగ్గర పడ్డాయని ఆమెకు అర్థమైంది. మొత్తం కంప్యూటర్లోకి దిగాక లోపల ఏముందో విప్పింది. చిన్న మెనూ ఒకటి, పాత ఫొటోలు కొన్ని. అవి తీసేసినా సరిపోలేదు. మిగిలింది బొమ్మ, శబ్దం. బొమ్మ ఒక్కటే పెడితే మామూలు డిస్కు అంచుదాకా నిండుతుంది, అంతకంటే గోరంత చోటు ఉండదు. శబ్దం ఒక్కటే ఒకటిన్నర జీబీ ఉంది. ఎక్కడా కుదించకుండా, పాటల రికార్డింగుకు పెట్టినట్టు పూర్తి బరువుతో పెట్టారెవరో. మాట్లాడని మనిషి వీడియోకి ఇంత శబ్దం దేనికని అనుకుంది.

చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి మధ్యలో ఒకచోట కాసేపు విన్నది. ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ కిర్రుమంటోంది. రోడ్డు మీద ఏదో బండి పోయింది. వాటి మధ్య ముసలావిడ గొంతులోంచి, సైగ బలంగా చేసినప్పుడల్లా, ఒక బొంగురు చప్పుడు. మాట కాదు, దగ్గు కాదు. తలుపు చాటునుంచి ఎవరి గదిలోకో తొంగి చూసినట్టనిపించి సర్దుబాటమ్మ హెడ్‌ఫోన్ తీసేసింది.

ఇంకో దారి ఉందని ఆమెకు తెలుసు. బొమ్మను నూటికి మూడు పాళ్ళు నొక్కి, శబ్దాన్ని బాగా చిన్నది చేస్తే రెండూ పక్కపక్కన సర్దుకుంటాయి. మూడు పాళ్ళు తగ్గితే ఎవరి కంటికీ ఆనదు. కానీ ఒక్క వేలు కూడా చెదరదని మాటిచ్చింది. పైగా చూసేవాళ్ళు వినపడని నాన్న, వినపడని కూతురు. శబ్దం సంగతి ఆవిడను అడుగుదామా అనుకుని ఫోను చేతిలోకి తీసుకుని మెసేజి మొదలుపెట్టింది కూడా. 'శబ్దం ఉంచాలా' అని రాసి, ఆగిపోయింది. వినపడని మనిషిని చప్పుడు కావాలా అని అడగడమేమిటి? పుండు మీద కారం చల్లినట్టుంటుందేమో. రాసింది చెరిపేసింది. శబ్దం తీసేసింది.

కాపీ అద్దంలా వచ్చింది. కుట్టుపని ఆవిడ తెర ముందు నిలబడి పది నిమిషాలు చూసి, మధ్యలో ఒకచోట అమ్మ చెప్పినదానికి చేత్తోనే ఏదో జవాబు చెప్పి, తర్వాత తను చేసిన పనికి తనే సిగ్గుపడింది. నోటుపుస్తకంలో "అమ్మ మళ్ళీ శుభ్రంగా మాట్లాడుతోంది" అని రాసిచ్చింది. సర్దుబాటమ్మ ఆ కాగితం చింపి అలమర తలుపుకు అంటించుకుంది. పాత డిస్కు పాడవుతోందన్న మాట చెప్పాలనుకుంటూనే ఆ సంబరంలో మరిచిపోయింది.

మరుసటి వారం ఒక డాన్సు స్కూలువాళ్ళ వార్షికోత్సవం పని వచ్చింది. మూడు కెమెరాలతో తీసిన కొండంత సరుకు. కంప్యూటర్లో చోటు చాలలేదు. సర్దుబాటమ్మ అయిపోయిన పనులన్నీ వరసగా చెరిపేసింది. ముసలావిడ వీడియో మొత్తం దిగిన ఫోల్డరు కూడా అందులోనే పోయింది.

నెల తర్వాత ఒక మనిషి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఎండకు కమిలిన మొహం, గోళ్ళ సందుల్లో వదలని నూనె మరకలు. తను సరుకు ఓడలో మెకానిక్కుననీ, కుట్టుపని ఆవిడ తమ్ముణ్ణనీ, పది రోజుల సెలవు మీద దిగాననీ చెప్పాడు. ఈయనకు వినపడుతుంది. ఇంట్లో ఆయన ఒక్కడికే వినపడుతుంది.

"అక్కా, డిస్కు చాలా బాగా చేశారు. నాన్న చూస్తున్నాడు" అని కూర్చున్నాడు. "అయితే ఇందులో సౌండు రావట్లేదు. మా ప్లేయరుదేమో అనుకుని మూడింటిలో వేసి చూశాను. పాత డిస్కు పెడదామంటే అది అసలు తిరగట్లేదు. మీ దగ్గర మొత్తం ఉంటుంది కదా, సౌండుతో ఇంకోటి చేసివ్వండి."

సర్దుబాటమ్మ పాత డిస్కు ఆయన చేతిలోంచి తీసుకుని నాలుగు డ్రైవుల్లోనూ పెట్టింది. నాలుగూ ఒకటే పాట. లోపల ఖాళీ అన్నాయి. వీపు ఆయన వైపు ఉంది కాబట్టి మొహం కనపడలేదు. కెమెరా ఎవరిదని అడిగింది. అద్దెదట. అందులోని కార్డు కెమెరాతో పాటే తిరిగిచ్చేశాడట. తీసింది ఆయనే.

"అప్పటికే పాతబడిపోయింది బాబూ" అంది, డ్రైవు మూస్తూ. "నా దగ్గరికి వచ్చేసరికే శబ్దం పోయి ఉంది. బొమ్మ ఒక్కటే దక్కింది."

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట, ఆమెకే తెలియలేదు. నోట్లో తయారుగా ఉన్నట్టు వచ్చేసింది.

ఆయన లేచి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎవరికో చెప్పాల్సింది ఈమెకు చెప్తున్నట్టు చెప్పాడు.

వాళ్ళమ్మ ఒక్కొక్కరికీ ఒక్కో చప్పుడు చేసేదట. తను చేస్తున్నానని ఆవిడకు తెలియదు. నాన్నకూ అక్కకూ వినపడదు. ఆ ఇంట్లో ఆ చప్పుళ్ళు విన్నది తనొక్కడే. తనను పిలిచేటప్పుడు చేసేది మిగతావాటికంటే వేరుగా, కింద మొదలై పైకి లేచేదట. ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు బడి గేటు దగ్గరికి వచ్చి ఆవిడ అలాగే పిలిచింది. పక్కనున్న పిల్లలు పగలబడి నవ్వారు. ఇంకోడు అలాగే అనుకరించి చూపించాడు.

"ఇంటికొచ్చాక అమ్మకి సైగ చేసి చెప్పాను. నీ నోట్లోంచి చప్పుడొస్తోంది, చెయ్యకు, అందరూ నవ్వుతున్నారు అని. అప్పటిదాకా అమ్మకి తెలియదు. ఆ రోజునుంచి బయటికొస్తే పెదాలు బిగించుకునేది. పోయేదాకా అంతే. నన్ను పిలవాల్సొచ్చినా దగ్గరికొచ్చి భుజం తట్టేది గానీ నోరు తెరిచేది కాదు. ఆ వీడియో తీసినరోజు మాత్రం చెప్పడంలో పడి మరిచిపోయింది. నేను కెమెరా వెనకాల ఉన్నాను. మొదలుపెట్టబోతూ నన్ను పిలిచింది. పాతికేళ్ళ తర్వాత. అందుకే సౌండు ఎక్కడా తగ్గించొద్దని డిస్కు చేసినవాడికి మరీ మరీ చెప్పాను." అక్కడ ఆగి లేచి నిలబడ్డాడు. "చేతులు వాళ్ళకీ, చప్పుడు నాకూ అనుకున్నాను. సరే లెండి. మీరేం చేస్తారు. బొమ్మన్నా దక్కించారు."

చేతులు జోడించి దణ్ణం పెట్టి మెట్లు దిగిపోయాడు.

ఆ దణ్ణం సర్దుబాటమ్మను పొద్దుగూకేదాకా కాల్చింది. ఇంటికి వెళ్ళి కూర గిన్నె మాడగొట్టింది. అడగ్గా అడగ్గా మొగుడికి చెప్పింది. ఆయన అంతా విని, కంచం పక్కకు జరిపి, ఇప్పుడు చెప్తే ఆ మనిషికి పోయింది తిరిగి రాదు సరికదా, పోగొట్టిన మనిషి కూడా కళ్ళముందు కనపడుతుంది, ఊరుకోమన్నాడు. చెడ్డగా అనలేదు. నిజంగా ఆ అబ్బాయి మేలు కోరే అన్నాడు. మూడో మలుపులో బస్సు ఎవరి స్కూటరుకో రాసుకుంటే తను దిగి ఒప్పుకున్న రోజూ, ఒప్పుకోకుండా వచ్చేసిన రోజూ రెండూ ఉన్నాయనీ, రెండింటికీ నిద్ర ఒకేలా పట్టిందనీ చెప్పాడు.

ఆమెకు పట్టలేదు. డిస్కు పాడై శబ్దం పోయి ఉంటే అది ఎవరి తప్పూ కాదు. ఇది మూడు పాళ్ళ సంగతి. నూటికి మూడు పాళ్ళు నొక్కి ఉంటే రెండూ ఉండేవి. అది కూడా కాదు, ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడక్కపోవడానికి తను చెప్పుకున్న కారణం, ఆవిడ నొచ్చుకుంటుందని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ బొంగురు చప్పుడు విని చెవులు మూసుకున్నది తనే. బడి గేటు దగ్గర నవ్విన పిల్లలకంటే తను చేసింది ఏమంత మెరుగు?

పొద్దున్నే వెళ్ళి ఆ కంప్యూటరు తీగ పీకేసింది. చెరిపేసిన సరుకు వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని రాసుకుంటుందంతే. ఆ చోట్లో కొత్త సరుకు వచ్చి కూర్చునేదాకా పాతది కింద అలాగే పడి ఉంటుంది. ఆ నెలరోజుల్లో ఏమేం వచ్చి కూర్చున్నాయో లెక్క వేసుకుంటూ హార్డ్ డిస్కు విప్పి, గుడ్డలో చుట్టి, గురువుగారి ఇంటికి పట్టుకెళ్ళింది.

గురువుగారు పని మానేసి చాలా కాలమైంది. ఒక కంటికి శుక్లం. అయినా చెరిగిపోయినవి వెతకడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఏమైందని అడిగాడు. దాచకుండా చెప్పింది. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. "శబ్దం తీసేముందు మొత్తం విన్నావా?" అని ఒక్కటే అడిగాడు. లేదంది. "మనం వినకుండా ఏదీ పారేసేవాళ్ళం కాదు" అన్నాడు. 'మనం' అన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

రెండు రోజులు ఆ గదిలోనే కూర్చున్నారు. ఆ పెద్ద డిస్కులో వీడియో ఏడు ముక్కలుగా ఉండేది. ఒకటో ముక్క మీద, రెండో ముక్క మీద డాన్సు స్కూలు పిల్లలు పూర్తిగా ఎక్కి కూర్చున్నారు. మూడోది సగం. నాలుగూ అయిదూ చెక్కుచెదరకుండా దొరికాయి. ఆరు చివర కొంచెం. ఏడు ఆనవాలు లేదు. దొరికినవాటిలోంచి శబ్దం విడదీసి కలిపితే యాభై రెండు నిమిషాలు వచ్చింది. ఈసారి సర్దుబాటమ్మ యాభై రెండు నిమిషాలూ కదలకుండా విన్నది. మొదట్లో పొయ్యి మీద ఏదో పొంగినట్టు వినపడిన చప్పుడు, వినగా వినగా మనిషిదయింది. ఒకచోట ముసలావిడ నవ్వింది. ఎంత పెద్ద నవ్వంటే గురువుగారు పక్క కుర్చీలోంచి ఏమిటని తల తిప్పాడు.

ఆదివారం హోమ్‌లో చూడ్డానికి వచ్చేవాళ్ళను పదినుంచి లోపలికి వదులుతారు. సర్దుబాటమ్మ లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వెళ్ళింది. బస్సులో ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుంది. లోపలికి అడుగుపెట్టేసరికి నాలుగూ మరిచిపోయింది.

పొడవాటి గది, కిటికీ పక్క మంచం. ముసలాయన దిండ్లకు ఆనుకుని కూర్చుని టీవీ చూస్తున్నాడు. తెర మీద భార్య చేతులు. ఆయన కదిలే ఎడం చేయి దుప్పటి మీదనుంచి లేచి మధ్యమధ్య జవాబు చెప్తోంది. ఒకచోట ఒప్పుకోలేదు కాబోలు, చేయి గట్టిగా అడ్డంగా ఊపాడు. కూతురు కిటికీ దగ్గర ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. కొడుకు మంచం కోడు పక్కన కింద కూర్చున్నాడు. సర్దుబాటమ్మను చూసి కూతురు మొహం విప్పారింది.

సర్దుబాటమ్మ నిలబడే చెప్పింది. కూర్చుంటే నోరు పెగలదని తెలుసు.

"బాబూ, మొన్న మీకు అబద్ధం చెప్పాను. డిస్కు నా దగ్గరికొచ్చినప్పుడు శబ్దం మొత్తం ఉంది. నేనే తీసేశాను. బొమ్మ చెడకూడదని. మీ అక్కని అడగలేదు. తర్వాత నా దగ్గరున్నదీ చెరిపేశాను."

ఆయన మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు నేను అదంతా చెప్తుంటే ఎదురుగా కూర్చుని విన్నారు" అన్నాడు. "విని, దణ్ణం పెట్టించుకుని పంపించారు."

కూతురు గుండీ వదిలేసి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏమైందని తమ్ముణ్ణి సైగతో అడిగింది. సర్దుబాటమ్మ చెప్పింది ఆయనే అక్కకు చెప్పాల్సి వచ్చింది. చేతులు మొదట విసురుగా కదిలాయి, తర్వాత నెమ్మదించాయి. సగంలో అక్క ఆపింది. ఒక సైగ చేసింది. ఆయన తల వంచుకున్నాడు. అక్క మళ్ళీ అదే సైగ చేసింది, ఈసారి పెద్దగా.

"ఏమంటోంది?" అని సర్దుబాటమ్మ అడిగింది. అడిగే హక్కు లేదని తెలిసీ అడిగింది.

"అమ్మ చప్పుడు చేసేదా అంటోంది." ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. "తనకి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు."

తర్వాత జరిగింది సర్దుబాటమ్మకు సైగలు రాకపోయినా అర్థమైంది. తమ్ముడు బడి గేటు సంగతి అక్కకు చెప్పాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు తల్లికి ఏం చెప్పాడో, అదే సైగ వేలు పెదాల మీద పెట్టి చేసి చూపించాడు. అక్క మొహం మాడిపోయింది. మళ్ళీ కళ్ళు తుడుచుకుని, తమ్ముడి వీపు మీద అరచేత్తో ఒకటి చరిచింది. దెబ్బకీ ఓదార్పుకీ మధ్య ఉంది అది. తర్వాత నోటుపుస్తకం తీసి సర్దుబాటమ్మకు రాసి చూపించింది: "నన్ను ఎందుకు అడగలేదు?"

"మీరు బాధపడతారనుకున్నాను" అని పెదాలు కనపడేలా చెప్పింది సర్దుబాటమ్మ.

ఆవిడ ఇంకో వాక్యం రాసింది: "వినపడేవాళ్ళందరూ ఇలాగే అనుకుంటారు." ఆ తర్వాత పుస్తకం మూసేసింది.

ముసలాయనకు ఇదేమీ పట్టలేదు. తెర మీద ఆవిడ ఏదో హాస్యం చెప్పింది కాబోలు, భుజాలు అదురుతూ నవ్వుతున్నాడు.

సర్దుబాటమ్మ లాప్‌టాప్ తీసి, దొరికిందెంతో, ఏది ఎందుకు దొరకలేదో చెప్పింది. కొడుకు అక్కడ వినలేదు. నాన్న ముందు చెవులకు తగిలించుకోలేనన్నాడు. మర్నాడు దుకాణానికి వస్తానన్నాడు.

వచ్చాడు. సర్దుబాటమ్మ హెడ్‌ఫోన్ ఇచ్చి, పక్కన తెర మీద, తను చేసిన కాపీకి మిగుల్చుకున్న నకలులోంచి, ఆ శబ్దానికి సరిపోయే బొమ్మ కూడా పెట్టింది. ఆయన అడిగాడు, మొదటినుంచీ ఉందా అని. లేదు, ముప్పై తొమ్మిదో నిమిషంనుంచీ అంది. ఆయన మౌస్ తన చేతిలోకి తీసుకుని వీడియోను మొదటికి జరిపాడు. తెల్లజుట్టావిడ కుర్చీలో సర్దుకుని, చీర కొంగు ఒళ్ళో వేసుకుని, కెమెరా వెనక ఉన్నవాడి వైపు చూసింది. పెదాలు తెరుచుకున్నాయి. మెడ నరాలు బిగిశాయి, గడ్డం కొద్దిగా పైకి లేచింది. పిలిచింది. బొమ్మ ఎక్కడా చెదరలేదు, పంటి మీద పడిన వెలుగు కూడా తెలుస్తోంది. గదిలో ఏ చప్పుడూ లేదు.

ఆయన దాన్ని వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. మూడోసారి జరపబోతుంటే సర్దుబాటమ్మ లేచి బయటికి వెళ్ళిపోయి ఇనుప మెట్ల మీద కూర్చుంది. కింద కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరో అక్షరాలు గట్టిగా చదువుతున్నారు. మెట్లెక్కి వచ్చిన ఇద్దరిని సాయంత్రం రమ్మని తిప్పి పంపింది. గంట దాటాక తలుపు తెరుచుకుంది.

ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవ్వు దొరికిందన్నాడు. బల్ల చరిచిన చప్పుడు దొరికిందన్నాడు. పిన్ని ఊరెళ్ళిన సంగతి చెప్పేటప్పుడు ఆవిడ ముక్కుతో చేసే చప్పుడు తను పూర్తిగా మరిచిపోయాననీ, వినగానే వంటగది, ఆ స్టవ్వు, అన్నీ కళ్ళకు కట్టాయనీ చెప్పాడు. పిలుపు మాత్రం లేదన్నాడు. ఆమెకు తెలిసిందే మళ్ళీ చెప్పాడు.

శబ్దం ఒక్కటే విడిగా రెండు డిస్కుల్లో ఎక్కించి ఇచ్చింది. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని. ఫోనులోకి కూడా పంపింది. తన దగ్గర ఉన్నది ఇక చెరపనంది. ఆయన డిస్కులు సంచిలో పెట్టుకుంటూ, నాన్న దగ్గరున్న డిస్కు జోలికి మాత్రం పోవద్దని, అది అలాగే ఉండాలని అక్క చెప్పమందన్నాడు. ఎల్లుండి ఓడ ఎక్కుతున్నానన్నాడు.

రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"మీరు చెప్పకపోయుంటే డిస్కే పాడైందనుకుని వెళ్ళిపోయేవాణ్ణి" అన్నాడు. "అదే బాగుండేదా, ఇది బాగుందా అని రాత్రంతా ఆలోచించాను అక్కా. ఇంకా తేల్లేదు."

"తేలక్కర్లేదు బాబూ" అంది సర్దుబాటమ్మ.

ఆయన తలూపాడు. క్షమించానని అనలేదు, ఆమె అడగనూ లేదు. ఇనుప మెట్లు ఆయన బూట్ల కింద ఒక్కొక్కటే మోగాయి. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆమె లోపలికొచ్చింది. తెర మీద వీడియో ఆగకుండా నడుస్తూనే ఉంది. ముసలావిడ చేతులు ఏదో చెప్తున్నాయి. సర్దుబాటమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏం చెప్తోందో తెలియకపోయినా, చివరిదాకా కూర్చుని చూసింది.